గుండె బలము తగ్గినవారికి పథ్యమా, పస్తా?

వరిపైరునకు యూరియా కావలసినంత వేసినను, నీరు వేళకు పెట్టినను, నాటిన కొన్ని వారములకు ఆకుల మొదళ్ళయందు నడిమి ఈనె తెల్లబడి, ముదురాకులపై తుప్పురంగు మచ్చలు కానవచ్చి, పైరు ఎదుగక నిలిచిపోవుట మన సభ్యులలో పలువురు ఎరిగినదే. అది జింకు లోపము. ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు వేసినచో పైరు తేరుకొనును. బస్తాలకొలది ఎరువు చేయలేని పనిని ఆ కొలది వస్తువు చేయును. కొరతపడిన వస్తువు ఎంత స్వల్పమైనదైనను పంట దానికి లోబడియే యుండును.

మనుష్య శరీరమునకును ఈ న్యాయమే చెల్లును. కడుపు నిండినంత మాత్రమున శరీరమునకు కావలసినవన్నియు అందినవని చెప్పుటకు వీలులేదు. మిల్లీగ్రాములలోను, అంతకంటె తక్కువ పరిమాణములలోను కావలసిన పదార్థములు కొన్ని కలవు. అవి లోపించినప్పుడు మొదట అలసిపోవు అవయవములలో గుండె యొకటి. ఏలయనగా అది దినమునకు సుమారు లక్షసార్లు కొట్టుకొనును. దానికి ఆదివారము లేదు, పండుగ లేదు.

మందులు నిర్ణయించుట వైద్యుల పని. మేము పైరును చూచువారమే గాని రోగిని చూచువారము కాము. అయినను ఆహారమును పండించువారము మనము. వండువారు మన యింటి స్త్రీలు. ఏది తినవలెనో, ఏది మానవలెనో నిర్ణయించువారు ఇంటి పెద్దలు. గుండె జబ్బుతో ఆసుపత్రినుండి ఇల్లు చేరినవాడు మందులు సరిగా వాడుచున్నను, ఇంటి పథ్యము చేత క్షీణించుచుండుట గ్రామములలో మేము తరచుగా చూచుచున్నాము. కావున ఈ విషయమును సభ్యుల యెదుట నుంచుచున్నాము.

గుండె బలహీనత యనగా నేమి?

“హార్టు ఫెయిల్యూరు” అని వైద్యుడు చెప్పగానే గుండె ఆగిపోయినదని ఇంటివారు బెదరుదురు. దాని అర్థమది కాదు. బావిమీది పాత పంపును తలచుకొనుడు. మోటారు తిరుగుచునే యుండును. కాని లోపలి భాగములు అరిగినందున పొలమునకు పారు నీరు తగ్గిపోవును. గుండె బలము తగ్గినప్పుడును ఇట్లే అవయవములకు చేరు రక్తము తగ్గును. మూత్రపిండములు దీనిని నీటి కరవుగా భావించి, ఉప్పును నీటిని బయటికి పోనీయక నిలుపుకొనును. మురుగు కాలువ పూడినప్పుడు పల్లపు మడులలో నీరు నిలిచినట్లు, పాదములయందును చీలమండలయందును నీరు దిగును. ఊపిరితిత్తులలో నీరు చేరినప్పుడు వెల్లకిల పండుకొన్నచో ఆయాసము వచ్చును. రాత్రి లేచి కూర్చుండవలసి వచ్చును.

ఇందుకు కారణములు పెక్కు కలవు. గుండెపోటు, ఏండ్ల తరబడి అదుపులేని రక్తపోటు, మధుమేహము, చిన్నతనమున వచ్చిన కీళ్ళజ్వరము వలన చెడిన కవాటములు, సారాయి మొదలగు మత్తు పానీయములు అందు ముఖ్యమైనవి. పోషక పదార్థముల లోపము మరియొక కారణము. అంతేకాక, ఇతర కారణముచేత వచ్చిన బలహీనతను సయితము ఈ లోపము పెంచును.

పథ్యము పేర జరుగు పస్తు

మన యిండ్లలో రోగికి పెట్టునది ఏమి? మెత్తని తెల్లన్నము, చారు, మజ్జిగ. పప్పు వాతమని, గ్రుడ్డు వేడియని, ఆకుకూర అరగదని మాన్పింతురు. నోరు చప్పగా నున్నదని రోగి మొరపెట్టుకొనగా ఒక ఊరగాయ బద్ద వేయుదురు. ఇట్లు బలము నిచ్చునవన్నియు తొలగించి, హాని చేయు ఉప్పును మాత్రము నిలిపినవారగుచున్నారు.

రోగికి సహజముగనే ఆకలి తక్కువ. కాలేయమునందును ప్రేగులయందును నీరు చేరుటచేత నాలుగు ముద్దలు తినగానే కడుపు బరువెక్కును. తిన్నది సరిగా ఒంటబట్టదు. ఆయాసముతో నమలుటయే శ్రమ. ఇట్టివానికి ఆహారమును ఇంకను తగ్గించినచో శరీరము తన కండలనే కరగించుకొని బ్రతుకును. ఒంటి నీరు పెరుగుచుండుటచేత ఈ క్షీణత పైకి కనబడదు. కాటాపై బరువు తగ్గినట్లు చూపదు. నీరు దిగిన పిమ్మట దండలును తొడలును చూచినప్పుడే ఎంత కండ పోయినదో తెలియును. ఇట్లు కండ కరగిన రోగులు తక్కినవారికంటె త్వరగా మరణింతురని వైద్యులు గుర్తించియున్నారు.

బియ్యము నేర్పిన పాఠము

ఆహార లోపమునకును గుండెకును గల సంబంధమును లోకమునకు మొదట నేర్పినది మన బియ్యమే. 1882వ సంవత్సరాంతమున జపానునుండి బయలుదేరిన ర్యూజో అను యుద్ధనౌకలో 376 మంది యుండగా, వారిలో 169 మందికి బెరిబెరి వ్యాధి సోకి 25 మంది చనిపోయిరి. వారి ముఖ్యాహారము తెల్ల బియ్యము. 1884లో నౌకాదళ వైద్యుడగు తకాకి కనెహిరో ఆహారము మార్పించి, మాంసము, పాలు, బార్లీ మొదలగునవి చేర్పించి, త్సుకుబా అను మరియొక నౌకను అదే మార్గమున పంపించెను. ఈసారి 14 మందికి మాత్రమే వ్యాధి వచ్చెను, ఒక్కరును చనిపోలేదు. మాంసకృత్తుల కొరతయే కారణమని ఆయన తలంచెను. కారణము వేరైనను ఆయన చూపిన మార్గము ప్రాణములు కాపాడినది.

అటు పిమ్మట జావా ద్వీపమున ఐక్మన్ అను డచ్చి వైద్యుడు, ఆసుపత్రి వంటయింటి తెల్లన్నము తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవుటయు, పొట్టు తీయని బియ్యము పెట్టగానే అవి లేచి తిరుగుటయు కనుగొనెను. ఆయనకు 1929లో నోబెల్ బహుమతి లభించినది. తవుడులో నున్న ఆ పదార్థమును 1926లో జావాలోనే శుద్ధ స్ఫటికములుగా వేరుచేసిరి. 1936లో అమెరికాలో కృత్రిమముగా తయారుచేసిరి. దానికే థయామిన్, లేక విటమిన్ బి1 అని పేరు.

ఈ కథ మనకు దూరపుది కాదు. భారతదేశమున బెరిబెరి విశేషముగా కానవచ్చినది మన ఉత్తర సర్కారులలోనే. దక్షిణమున తమిళులు ఉప్పుడు బియ్యము తినుచుండగా, మన తీరపు జిల్లాలవారు పచ్చి ధాన్యమును మరలో తెల్లగా ఆడించి తినుచుండిరి. నీలగిరులలోని కూనూరు నందు మెకారిసన్, ఆయన తరువాత ఆక్రాయిడ్ నడిపిన పరిశోధనాలయము ఈ విషయమును శోధించెను. ఆ సంస్థ 1958లో హైదరాబాదునకు తరలి వచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర ప్రసిద్ధి చెందినది.

బెరిబెరిలో రెండు తెగలు గలవు. ఒకదానిలో కాళ్ళు తిమ్మిరెక్కి పడిపోవును. రెండవది ఉబ్బు బెరిబెరి. ఇందులో గుండె దెబ్బతిని, కాళ్ళు పొంగి, ఆయాసము కలిగి ప్రాణమునకే ముప్పు వచ్చును. పాలు త్రాగు శిశువులకు వచ్చునది అన్నిటికంటె భయంకరము. బాలింతరాలికి కఠిన పథ్యము పెట్టి తెల్లన్నము మాత్రమే ఇచ్చినచో ఆమె పాలలో థయామిన్ తగ్గి, రెండు మూడు నెలల బిడ్డ గుండె చెడి హఠాత్తుగా చనిపోవచ్చును. మన తీరప్రాంతమున ఇట్టి మరణములు వైద్య గ్రంథములకెక్కినవి. సకాలమున థయామిన్ సూదిమందు ఇచ్చినచో గంటలలో గుణము కనబడును.

ఈ పదార్థము గుండెకు ఏల అవసరమో చెప్పెదము. ధాన్యమును మండించి శక్తిగా మార్చు పనిలో థయామిన్ ఒక కీలు వంటిది. శక్తిని కండకు అందించు పదార్థమునకు ఏ.టి.పి. అని పేరు. దానిని 1929లో అమెరికాలో ఫిస్కే అను పండితునితో గూడి వేరుచేసి చూపినవారు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే కాలమున జర్మనీలో లోమన్ అను నాతడు వేరుగా కనుగొనెను. థయామిన్ లేనిచో తిన్న యన్నము ఈ శక్తిగా సరిగా మారదు. కట్టెలుండియు పొయ్యి రాజుకొననట్లగును.

నేడు కూరలు, పప్పులు, పాలు కొంత మెరుగుగా అందుచున్నందున బెరిబెరి అరుదైనది. కాని శరీరమున థయామిన్ నిలువ రెండు మూడు వారములకు మించి యుండదు. ఉబ్బు తగ్గుటకై వైద్యులిచ్చు ఫ్యూరోసిమైడు వంటి నీటి మాత్రలు మూత్రముతో పాటు దీనిని కూడ బయటికి పంపును. ఒక ప్రక్క మాత్ర తీసివేయుచుండ, మరియొక ప్రక్క ఇంటివారు తెల్లన్నమును చారును మాత్రమే పెట్టుచుండ, రోగి గతి యేమి? సారాయి త్రాగువారికి ఈ ముప్పు ఇబ్బడి.

అట్లని నీటి మాత్రను మానకూడదు. మానినచో ఊపిరితిత్తులు నీటితో నిండును. పోవుచున్న దానిని ఆహారముతో పూరింపవలెను. చాలనిచో వైద్యుడు విటమిన్ ఇచ్చును.

ఇనుము

గుండె బలము తగ్గినవారిలో సుమారు సగము మందికి ఇనుము కొరతయున్నదని పరీక్షలవలన తేలినది. రక్తము పాలిపోకున్నను ఈ కొరత యుండవచ్చును. కావున హిమోగ్లోబిన్ ఒక్కటి చూచి సరిపెట్టుకొనక, ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ అను పరీక్షలు చేయింపవలెనా యని వైద్యుని అడుగుడు.

ఇట్టివారిలో ఇనుప మాత్రలు ప్రేగులనుండి సరిగా ఒంటబట్టవు. 2017లో ప్రకటితమైన పరీక్షలో మాత్రలు మ్రింగినవారికి శ్రమకోర్చు శక్తి పెరుగలేదు. నరమునకెక్కించిన ఇనుము వలన ఆయాసము తగ్గి నడక మెరుగైనట్లు 2009లోను, పిమ్మటను జరిగిన పరీక్షలు చూపినవి. ఇది ఆసుపత్రిలో చేయవలసిన పని. ఇంట మనము చేయదగినది, తోటకూర, మునగాకు, సజ్జలు, పప్పులు పెట్టుట; వానిపై నిమ్మరసము పిండుట. పులుసు పండ్లలోని విటమిన్ సి ఇనుమును ఒంటబట్టించును. భోజనముతో కలిపి టీ, కాఫీలు త్రాగినచో అవి దానిని అడ్డగించును.

లవణములలో తారతమ్యము

నీటి మాత్రలు పొటాషియము, మెగ్నీషియము అను లవణములను కూడ తీసికొనిపోవును. ఇవి మిక్కిలి తగ్గినను గుండె లయ తప్పును. పొటాషియము మిక్కిలి పెరిగినను లయ తప్పును. గుండె రోగులకిచ్చు స్పైరోనోలాక్టోన్ మొదలగు కొన్ని మందులు పొటాషియమును శరీరమున నిలుపును. మూత్రపిండములు చెడినవారియందును అది పేరుకొనును. కావున కొబ్బరినీళ్ళు, అరటిపండ్లు ఒకరికి మేలు చేసినను వేరొకరికి కీడు చేయవచ్చును. పొరుగువానికి పనికివచ్చినదని చూచి మనవానికి పెట్టకూడదు. సోడియము తక్కువదని అంగళ్ళలో అమ్ము ఉప్పులో పొటాషియము కలిసియుండును. వైద్యుని అడుగక దానిని వాడుట ప్రమాదము.

మట్టిలోని కొరత

చీనాదేశమున ఈశాన్యపు హైలుంగ్‌జియాంగ్ రాష్ట్రములో కెషాన్ అను తాలూకా కలదు. 1935లో అచ్చట గుండె కండ చెడు వింత వ్యాధి బయలుపడినది. చిన్నబిడ్డలును ప్రాయపు స్త్రీలును ఎక్కువగా చనిపోయిరి. ఆ ప్రాంతపు మట్టిలో సెలీనియము అను ధాతువు మిక్కిలి తక్కువయని, అందుచేత అక్కడ పండిన ధాన్యములోను తక్కువయని కాలక్రమమున తెలిసినది. 1970 దశకములో బిడ్డలకు స్వల్పముగా సెలీనియము మాత్రలు ఇచ్చి చూడగా వ్యాధి చాలవరకు తగ్గినది. ఆ చేని పంటనే తిని బ్రతికినవారు గనుక చేని కొరత వారి గుండెకు వచ్చినది. ఫిన్లాండు దేశమువారు 1984లో నిర్ణయము చేసి, ఎరువులలోనే సెలీనియము కలుపుచున్నారు.

దీనిని విని ఎవరును సెలీనియము కొనుటకు పరుగిడవలదు. పంజాబులో కొన్ని గ్రామముల నేలలో ఇది మితిమీరి, పశువులకు గిట్టలు ఊడుట, మనుష్యులకు గోళ్ళు చెడుట జరిగినది. తక్కువైనది రోగము, ఎక్కువైనది విషము. సీసాలలో అమ్ము విటమినులన్నిటియెడలను ఈ జాగ్రత్త యుండవలెను. విటమిన్ ఇ అధిక మోతాదున ఏండ్ల తరబడి వాడినవారిలో గుండె బలహీనత తగ్గుటకు మారుగా కొంత పెరిగినదని 2005లో ఒక పెద్ద పరీక్ష చూపినది.

ఉప్పు

ఆరోగ్యవంతునికే దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కూరలో ఉప్పు తగ్గించితిమని తృప్తిపడుదుము. కాని ఆవకాయ, అప్పడములు, వడియములు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు, అంగడి మిక్చరు మన లెక్కకు రావు. మొదట మానవలసినవి ఇవి. రుచి కొరకు నిమ్మ, చింతపండు, అల్లము, వెల్లుల్లి, ధనియాలు, కరివేపాకు, మిరియములు ఉన్నవి. నాలుక కొన్ని వారములలో అలవాటు పడును. అన్నము పూర్తిగా చప్పగా చేసి రోగి తినకుండునట్లు చేయుటయు తప్పే. తినని ఆహారము ఎంత పథ్యమైనను పోషింపదు.

వైద్యుడు నీటికి కొలత పెట్టినచో చారు, మజ్జిగ, గంజి, టీ కూడ ఆ కొలతలోనివే.

ఏమి పెట్టవలెను?

మూడు పూటల నిండు భోజనమునకు బదులు కొంచెము కొంచెముగా ఐదారు సారులు పెట్టుడు. ప్రతిసారియు బలము నిచ్చునది ఒకటి యుండవలెను: పెసరపప్పు, గ్రుడ్డు, చేప, పెరుగు, ఉడికించిన శనగలు లేదా ఉప్పులేని వేరుశనగలు. వేరుశనగ థయామిన్‌కు మంచి ఆధారము. మూత్రపిండముల జబ్బు గలవారు మాత్రము మాంసకృత్తుల కొలత వైద్యునివలన తెలిసికొనవలెను.

బియ్యమును తెల్లగా మెరయునట్లు పాలిషు పట్టింపవలదు. పాలిషుతో థయామిన్ సుమారు ఐదింట నాలుగు పాళ్ళు తవుడులో పోవును; ఆ తవుడు మన గేదె తినుచున్నది. ధాన్యమును నానబెట్టి ఆవిరిపై ఉడికించినప్పుడు పైపొరలోని విటమిన్ గింజలోనికి ఇంకును గావున, ఉప్పుడు బియ్యము ఆడించిన పిదపను పచ్చి బియ్యమునకు సుమారు మూడింతల థయామిన్ నిలుపుకొనును. దాళ్వా ధాన్యమును ఉప్పుడు బియ్యముగా చేసి మనము కేరళమునకు పంపి, మెరుగుబియ్యమును మనకొరకు ఉంచుకొనుచున్నాము! బియ్యమును పలుమార్లు రుద్ది కడుగుటయు, గంజి వార్చుటయు మానుడు. వారమునకు కొన్ని పూటలు జొన్న, సజ్జ, రాగి, కొర్రలు వండుడు.

కవాటము మార్పించుకొని రక్తము గడ్డకట్టకుండు మాత్రలు వాడువారికి ఆకుకూరల విషయమున ఒక నియమము గలదు. కొన్ని మాత్రల పనిని ఆకుకూరలలోని విటమిన్ కె తగ్గించును. పూర్తిగా మానవలసిన పనిలేదు; ప్రతివారము ఇంచుమించు ఒకే పరిమాణమున తినుచు, ఆ మాట వైద్యునికి తెలుపవలెను.

సంఘములు చేయదగినవి

ఇవి ఇంటింటివారు చేయదగినవి. సంఘములు చేయదగినవి కొన్ని కలవు. మర గల సంఘములు సభ్యులు కోరినంతమేర ముడిబియ్యముగాను, తక్కువ పాలిషుతోను ఆడించి యీయవలెను. తోటకూర, బచ్చలి, మెంతి విత్తనములను ఎరువులతో పాటు చిన్న పొట్లములుగా అమ్మవలెను. మునగ కొమ్మ ప్రతి పెరటిలో నాటింపవలెను. పప్పుధాన్యములను కళ్ళముననే అమ్మివేయక ఇంటి ఖర్చునకు నిలుపుకొనుమని సభ్యులను ప్రోత్సహింపవలెను.

మనుష్యులను తూచు చిన్న కాటా ఒకటి సంఘ కార్యాలయమున నుంచుట అన్నిటికంటె సులభము. గుండె రోగి ప్రతి ఉదయమును మూత్రవిసర్జన పిమ్మట, ఏమియు తినకముందు, ఒకే విధమైన బట్టలతో తూగి, చీటీపై బరువు వ్రాసికొనవలెను. మూడు దినములలో రెండు కిలోలు పెరిగినచో అది కండ కాదు, నీరు. ఆయాసము ముదురకముందే ఆసుపత్రికి పోవలెను. ఉబ్బులేకయే నెలనెలకు బరువు తగ్గుచున్నచో అది ఆహారపు కొరత. ఆ చీటీని వైద్యునికి చూపవలెను. పాలకేంద్రమున పాలను దినదినము కొలిచి లెక్క వ్రాయు మనకు ఇది క్రొత్త విద్య కాదు.

రైతు తన చేనికి గృహనిర్వాహకుడు. ఏ మడికి ఏది తక్కువయో గుర్తించి దానిని పూరించుట అతడెరిగిన పని. మంచము పట్టిన తండ్రియెడల, బాలింతరాలైన కోడలియెడల అదే దృష్టి నుంచినచో, పథ్యమను పేర వారిని పస్తులుంచుట మానును. నేటి రాత్రి రోగికి వడ్డించునప్పుడు ఆ విస్తరిలో పప్పున్నదా, ఆకుకూరయున్నదా, ఊరగాయ తొలగినదా యని ఒక్కమారు చూడుడు.